దీర్ఘకాలిక నొప్పితో రాత, బొమ్మ, కుట్టు, వీణ: తరచుగా అడిగే ప్రశ్నలు

కీళ్లవాతం, నడుం నొప్పి, మెడ నొప్పి, ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులుండే జబ్బు), మైగ్రేన్... పేరు ఏదైనా, మూడు నెలలు దాటి వదలని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అలాంటి నొప్పితో ఉంటూనే రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, కుట్లు అల్లికలు చేసేవాళ్లు, వీణ వాయించేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. మందుల గురించి రాసినది మీ డాక్టరుతో మాట్లాడటానికి మాత్రమే వాడుకోండి.

## మొదలుపెట్టే ముందు

నొప్పి పూర్తిగా తగ్గాక మొదలుపెడితే మంచిది కదా?

నెలల తరబడి ఉన్న నొప్పి చాలామందిలో తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. పూర్తిగా తగ్గే రోజు కోసం ఏడాది ఆగితే ఈలోపు చేతివాటం పోతుంది, కండ బలం తగ్గుతుంది, రోజంతా మనసు నొప్పి మీదే ఉంటుంది. ఐదు నిమిషాలైనా సరే, ఇప్పుడే మొదలుపెట్టండి.

అయితే ఈ లక్షణాల్లో ఏది ఉన్నా ముందు డాక్టరుకు చూపించుకోండి: కాలో చెయ్యో ఉన్నట్టుండి బలం తప్పడం, నడుం నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఒక కీలు ఎర్రబడి వేడిగా ఉబ్బడం. మల మూత్రాలు అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పని చేస్తే నొప్పి పెరుగుతోంది. లోపల ఇంకా పాడవుతోందా?

ప్రతిసారీ అలా కాదు. నెలల తరబడి నొప్పి ఉంటే నరాలు, వెన్నుపాము, మెదడు అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయి. మామూలు కదలికకు కూడా నొప్పి పుడుతుంది. అక్కడ కొత్తగా దెబ్బ తగిలి ఉండకపోవచ్చు.

తేడా తెలుసుకోవడానికి ఒక కొలత ఉంది. పనికి ముందు నొప్పికి 0 నుంచి 10 లోపు అంకె వేసుకోండి. పని అయ్యాక అది రెండు అంకెలకు మించి పెరగకుండా, మర్నాడు పొద్దున్నకి మామూలు స్థాయికి వస్తే మీరు చేసిన మోతాదు సరిపోయినట్టు. మర్నాటికీ దిగకపోతే మోతాదు ఎక్కువైంది. కీళ్లవాతంలో కీలు వాచి, వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఈ లెక్క వాడొద్దు. వాపు తగ్గేదాకా ఆ కీలు మీద బరువు పెట్టకూడదు.

డాక్టరు దగ్గర "నొప్పిగా ఉందండీ" తప్ప ఇంకేం చెప్పాలో తెలియట్లేదు.

నొప్పికి మన ఇళ్లలో ఎన్ని మాటలున్నాయో గుర్తు చేసుకోండి: సలపరం, పోటు, పీకుడు, గుంజుడు, మంట, తిమ్మిరి, పట్టేయడం. ఇవి వైద్యానికి నిజంగా పనికొస్తాయి. మంట, తిమ్మిరి, కరెంటు షాకు కొట్టినట్టు ఉండటం నరాల నొప్పిని సూచిస్తాయి. పొద్దున లేవగానే కీళ్లు పట్టేసి, వదలడానికి అరగంట, గంట పట్టి, కదిలేకొద్దీ తేలికైతే కీళ్లవాతం వంటి వాపు జబ్బు అనుమానిస్తారు. రెండింటికీ మందులు వేరు.

మీ పని గురించి కూడా చెప్పండి. "చెయ్యి నొప్పి" అనే బదులు "సూది పట్టుకున్న పది నిమిషాలకు బొటనవేలి మొదట్లో పోటు వస్తుంది" అంటే డాక్టరుకు కీలు ఏదో తెలుస్తుంది, ఫిజియోథెరపిస్టుకు కదలిక ఏదో తెలుస్తుంది. పని చేస్తుండగా చేతిని ఫోనులో అర నిమిషం వీడియో తీసి తీసుకెళ్తే ఇంకా మంచిది.

చేతులు సహకరించకపోయినా పని కొనసాగించిన కళాకారులు నిజంగా ఉన్నారా?

ఉన్నారు. వాళ్ల ఓర్పు కంటే వాళ్లు పనిలో చేసుకున్న మార్పులు మనకు ఎక్కువ పనికొస్తాయి.

ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ చేతులు కీళ్లవాతంతో వంకర్లు పోయాయి. కుంచెను చేతికి కట్టుకుని గీసేవాడని చెబుతుంటారు కానీ, ఆ గుడ్డ పట్టీలు అరచేతి చర్మం ఒరుసుకుపోకుండా చుట్టుకున్నవి. కుంచెను పక్కవాళ్లు వేళ్ల మధ్య పెట్టేవారు. పెద్ద బొమ్మలకు చెయ్యి చాపే పని లేకుండా కాన్వాసునే చుట్టుకుంటూ కదిలించే ఏర్పాటు చేసుకున్నాడు. 1919లో చనిపోయేదాకా వేస్తూనే ఉన్నాడు. మరో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఎక్కువసేపు నిలబడలేక, సహాయకులు రంగు వేసి ఇచ్చిన కాగితాలను మంచం మీద, చక్రాల కుర్చీలో కత్తెరతో కత్తిరించి బొమ్మలు కూర్చాడు. మెక్సికో చిత్రకారిణి ఫ్రిదా కాలో 1925లో బస్సు ప్రమాదం తర్వాత పడుకుని గీయడానికి వీలైన చట్రం, మంచం పైకప్పుకు అద్దం పెట్టించుకుంది. స్విట్జర్లాండులో పుట్టిన చిత్రకారుడు పాల్ క్లే చర్మం బిగుసుకుపోయే జబ్బుతో 1936లో పాతిక బొమ్మల దాకా మాత్రమే వేయగలిగాడు. తర్వాత గీతలు లావుగా, బొమ్మలు సరళంగా మార్చుకుని 1939 ఒక్క ఏడాదిలోనే 1200కు పైగా వేశాడు.

## రోజువారీ పని

ఎంతసేపు చేయాలో ఎలా తెలుస్తుంది?

వేరు వేరు రోజుల్లో మూడుసార్లు, అదే పనిని నొప్పి పెరగడం మొదలయ్యేదాకా చేసి నిమిషాలు రాసుకోండి. మూడింటిలో ఒకటి గడ్డు రోజై ఉండాలి. ఉదాహరణకు 20, 14, 11 నిమిషాలు వచ్చాయనుకుందాం. సగటు 15. అందులో ముప్పాతిక అంటే దాదాపు 11. పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఫోనులో అలారం పెట్టి, మోగగానే కుంచె కింద పెట్టేయాలి. కనీసం అంతసేపు విశ్రాంతి తీసుకుని, ఓపికుంటే ఇంకో పది నిమిషాలు చేయొచ్చు.

ఈ మోతాదుతో వారం పాటు నొప్పి తిరగబెట్టకపోతే ఒక నిమిషం పెంచండి. వారానికి ఒక్క నిమిషమేనా అనిపిస్తుంది. మూడు నెలల్లో పది నిమిషాలు ఇరవై దాటుతాయి. చాలామంది తప్పేది అలారం దగ్గరే. ఒంట్లో బాగుందనో, ఈ ఒక్క రెమ్మ పూర్తవుతుందనో ఆపరు. గడియారం చూసి ఆపడమే ఈ పద్ధతికి ప్రాణం. నొప్పి వచ్చాక ఆపితే అప్పటికే ఆలస్యం.

బాగున్న రోజు కూర్చుని అంతా పూర్తి చేస్తే మూడు రోజులు మంచం దిగలేకపోతున్నాను. ఎందుకిలా?

బాగున్న రోజు పాత బాకీ అంతా తీర్చేయాలనిపిస్తుంది. ఆ రోజు చేసిన నాలుగు గంటలకు మూడు రోజులు పోతాయి. ఆ మూడు రోజుల్లో కండ సడలుతుంది. తర్వాతి మంచి రోజున తట్టుకునే శక్తి ఇంకొంచెం తగ్గి ఉంటుంది. ఆర్నెల్లు గడిచాక చూస్తే పని కుంచించుకుపోయి కనిపిస్తుంది.

బాగున్న రోజున కూడా అలారం పెట్టిన సమయమే చేయండి. మిగిలిన ఉత్సాహాన్ని ఆ కీలు వాడని పనికి మళ్లించండి. చేతి నొప్పి ఉంటే పాట వినడం, నమూనా ఎంచుకోవడం. నడుం నొప్పి ఉంటే నడుస్తూ తర్వాతి సన్నివేశం ఆలోచించడం.

రోజులో ఏ వేళ పని పెట్టుకోవాలి?

రెండు వారాలు మూడు పూటలా నొప్పి అంకె రాసుకుంటే మీ వేళ మీకే కనిపిస్తుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లకు పొద్దున్నే సూది పని కుదరదు. గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు చేతులు పెట్టి, పది, పదకొండు గంటలకు కూర్చోవడం నయం. ఇంటి చాకిరీ అయ్యాక మిగిలిన వేళను కళకు కేటాయించడం మన ఇళ్లలో మామూలు. నొప్పితో ఉన్నవాళ్లకు ఆ పద్ధతి సాగదు. మంచి అరగంటను ముందు దీనికి తీసి పెట్టండి.

మందులు మొదలుపెట్టాక మెదడు మొద్దుబారింది. రాస్తుంటే మాటలు తట్టట్లేదు.

కొన్ని మందులకు ఆ గుణం నిజంగానే ఉంది. ప్రీగాబలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ మత్తునిస్తాయి. మైగ్రేన్‌కు ఇచ్చే టోపిరమేట్‌తో సరైన మాట దొరక్క తడుముకోవడం చాలామందిలో కనిపిస్తుంది. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. ప్రీగాబలిన్, గాబాపెంటిన్ ఉన్నట్టుండి ఆపితే నిద్ర పట్టదు, ఆందోళన పెరుగుతుంది, కొందరికి ఫిట్స్ రావొచ్చు. డాక్టరును మూడు విషయాలు అడగండి: రాత్రి మోతాదును ముందుకు జరపొచ్చా, మొత్తం మోతాదు తగ్గించొచ్చా, వేరే మందు ఉందా.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వేసుకున్న మర్నాడు చాలామందికి నీరసం, వికారం ఉంటాయి కాబట్టి ఆ రోజును ఖాళీగా ఉంచి వారాన్ని సర్దుకోండి.

## పని, పరికరాలు

పెన్ను పట్టుకుంటే బొటనవేలి మొదట్లో పోటు. ఏం మార్చాలి?

సన్నటి పెన్నును వేళ్లు గట్టిగా నొక్కాల్సి వస్తుంది. ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్లటి నురుగు గొట్టం ఏసీ సామాను కొట్టులో మీటర్ల లెక్కన దొరుకుతుంది. పావు అంగుళం రంధ్రం ఉన్నది తీసుకుని నాలుగు అంగుళాల ముక్క కోసి పెన్నుకు తొడగండి. మరీ లావైతే వేళ్లు చాచుకుని వేరే చోట నొప్పి పుడుతుంది. చుట్టూ పట్టుకున్నాక బొటనవేలు, చూపుడువేలు హాయిగా వంగి ఉండాలి.

బాల్ పెన్నుకు నొక్కుడు కావాలి. జెల్ పెన్ను, ఇంకు పెన్ను తాకితే చాలు. కాగితం కింద లావుపాటి ఆఫీసు ఫైలు ఏటవాలుగా పెడితే మణికట్టు, మెడ రెండూ తక్కువ వంగుతాయి. ఇంకా ఇబ్బందిగా ఉంటే పెన్నును చూపుడువేలు, నడిమివేలు మధ్య దూర్చి రాసి చూడండి. వారం రోజులు అక్షరాలు వంకరగా వస్తాయి, తర్వాత కుదురుకుంటాయి.

చెప్తే ఫోను రాస్తుందట కదా. తెలుగులో పనిచేస్తుందా?

చేస్తుంది. ఫోనులో జీబోర్డ్ కీబోర్డుకు తెలుగు భాష చేర్చి, మైకు బొమ్మ నొక్కి మాట్లాడాలి. కంప్యూటరులోనైతే క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్ మెనూలో వాయిస్ టైపింగ్ ఎంచుకుని భాష తెలుగుకు మార్చండి.

వాక్యం మనసులో పూర్తిగా అనుకుని ఒకేసారి చెప్పండి. ఆగి ఆగి చెప్తే మాటలు విడిపోతాయి. ఊళ్ల పేర్లు, యాస మాటలు, సంధులు కలిసిన మాటలు తప్పు పడతాయి. చెప్తూ చెప్తూ సరిదిద్దుకోవద్దు, ఆలోచన తెగిపోతుంది. ముందు అంతా చెప్పేసి, దిద్దుడు ఇంకో రోజుకు పెట్టుకోండి. పద్యం చెబితే మాత్రం సగం పాడవుతుంది. పద్యాన్ని గొంతుతో రికార్డు చేసుకుని తర్వాత ఎక్కించుకోవడం మేలు.

కుట్టు, అల్లిక, మగ్గం వర్క్ మానేయాల్సిందేనా?

మానక్కర్లేదు, పట్టు మార్చాలి. క్రోషే అల్లేటప్పుడు నూలు దారం సాగదు కాబట్టి చేతికి భారం. ఉన్ని, యాక్రిలిక్ దారం సాగుతుంది. సన్న సూది బదులు 5, 6 మిల్లీమీటర్ల క్రోషే సూదికి మెత్తటి పిడి తొడిగి పెద్ద అల్లికలతో మొదలుపెట్టండి.

ఎంబ్రాయిడరీలో కుట్టే చెయ్యి కంటే రింగు పట్టుకున్న చెయ్యి ముందు అలిసిపోతుంది. రింగును బల్ల అంచుకు క్లాంపుతో బిగిస్తే ఆ చేతికి పనే ఉండదు. సూది లాగేటప్పుడు వేళ్ల మధ్య చిన్న బెలూను ముక్క పెట్టుకుంటే జారదు, గట్టిగా నొక్కక్కర్లేదు. మగ్గం ముందు నేల మీద వంగి కూర్చోవడమే నడుముకు శత్రువు. చట్రాన్ని మోచేతి ఎత్తుకు లేపి, కుర్చీలో కూర్చుని చేయండి. కాలితో తొక్కే మిషనుకు మోటారు బిగించుకుంటే మోకాలికి పని తప్పుతుంది.

కలంకారీ చేస్తాను. కలం నొక్కేకొద్దీ వేళ్లు సలుపుతున్నాయి.

శ్రీకాళహస్తి పద్ధతిలో కలానికి చుట్టిన గుడ్డ రంగును పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే మొనలోకి దిగుతుంది. చుట్టు గట్టిబడిపోయి రంగు సరిగా దిగకపోతే తెలియకుండానే ఎక్కువ నొక్కుతారు. కాబట్టి చుట్టును తరచూ విప్పి కడిగి వదులుగా చుట్టుకోవాలి.

ఈ కళలో ఇంకో వెసులుబాటు ఉంది. పని మొత్తం విడి విడి దశలు. కరక్కాయ, పాలలో గుడ్డ నానబెట్టడం, నీళ్లలో ఉతకడం, రంగులు ఉడికించడం బరువు పనులు. గీత, కూర్పు, రంగుల ఎంపిక మీ ప్రత్యేకత. బరువు దశలను అప్పగించి గీతను మీ దగ్గర ఉంచుకోండి. పెద్ద గుడ్డను ఒకేసారి పరిచి వంగే బదులు, రెండు కొసలూ కర్రలకు చుట్టి, గీసే భాగం మాత్రమే బల్ల మీద విప్పి ఉంచండి.

వీణ సాధన ఎలా కొనసాగించాలి?

ఎడమ చేతికి ఎక్కువ భారం తీగ లాగి పలికించే గమకాల్లో ఉంది. శ్రుతిని అర తగ్గించి, అంటే ఐదు నుంచి నాలుగున్నరకు దించితే, అదే తీగ మీద బిగువు దాదాపు తొమ్మిదో వంతు తగ్గుతుంది. వేళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ఎంత లాగాలో కొలత కాస్త మారుతుంది కాబట్టి చెవి అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుంది.

బాసిపట్లు వేయలేకపోతే వీణను స్టాండు మీద పెట్టి కుర్చీలో కూర్చోండి. సాధనను ముక్కలు చేయండి: ఐదు నిమిషాలు సరళి, ఐదు నిమిషాలు వాయించకుండా పాడుతూ వేళ్లను తీగ మీద ఊరికే నడపడం, ఐదు నిమిషాలు కీర్తన. గమకాలు ఎక్కువున్న తోడి లాంటి రాగాలు వేళ్లు వేడెక్కాక.

ధనుర్మాసంలో ముగ్గు వేయాలని ఉంటుంది. మోకాళ్లు వంగవు.

గొంతుక్కూర్చోవడం మోకాళ్లకు, పిండి చిటికెతో వదలడం బొటనవేలికి భారం. తక్కువ ఎత్తు స్టూలు మీద కూర్చుని జరుపుకుంటూ వేయొచ్చు. లేదా ఖాళీ ప్లాస్టిక్ సీసాకు మూతలో రంధ్రం చేసి పిండి పోసి, చిటికెకు బదులు గుప్పిటతో పట్టుకోండి. చుక్కలు 15 వరసలు వేసేవాళ్లు 7తో ఆపొచ్చు. నెల రోజులూ వేయడం ముఖ్యమైతే రోజూ చిన్నది, పండుగ నాడు పెద్దదాన్ని ఇంట్లోవాళ్లతో కలిసి.

## నొప్పి తిరగబెట్టిన రోజులు

మంచం దిగలేని రోజున ఏం చేయగలను?

ఆ రోజు ఆలోచించుకునే ఓపిక ఉండదు కాబట్టి బాగున్న రోజునే ఒక పెట్టె సర్దిపెట్టుకోండి. చేతికందేంత దగ్గరలో ఉండాలి. అందులో చిన్న నోటు పుస్తకం, మెత్తటి పెన్సిలు, నాలుగు రంగు గుడ్డ ముక్కలు, ఇయర్‌ఫోన్లు చాలు. పనులు కూడా ముందే రాసి పెట్టండి: ఒక్క వాక్యం ఫోనులో రికార్డు చేయడం, రెండు రంగులు పక్కపక్కన పెట్టి చూడటం, ఒక కీర్తన విని తాళం లెక్కపెట్టడం. ఏదీ రెండు నిమిషాలు దాటకూడదు. అది కూడా కుదరకపోతే ఆ రోజు విశ్రాంతే.

మైగ్రేన్‌కు వారంలో నాలుగు రోజులు మాత్ర వేసుకుని పని చేస్తున్నాను. తప్పా?

ఆ అలవాటు తలనొప్పిని పెంచుతుంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు నెలకు 15 రోజులు, మైగ్రేన్‌కే ఇచ్చే ట్రిప్టాన్లు గానీ రెండు మూడు మందులు కలిసిన మాత్రలు గానీ 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి వాడితే మాత్రల వల్లే తలనొప్పి రావడం మొదలవుతుంది. మాత్ర వేసుకున్న రోజులను క్యాలెండరులో గుర్తు పెట్టి న్యూరాలజిస్టుకు చూపించండి. నొప్పి రాకుండా రోజూ వాడే మందులు వేరే ఉన్నాయి.

నెల రోజులు ఆగిపోయాను. మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆగేనాటికి ఎంతసేపు చేస్తున్నారో అందులో సగంతో. కొత్త పనికి బదులు పాత పనిలో తేలికైన చోటు అందుకోండి. ఇకమీదట ప్రతిసారీ లేచే ముందు తర్వాత చేయాల్సింది ఒక చీటీ మీద రాసి పని మీదే ఉంచండి: "ఎడమ ఆకుకు ముదురు పచ్చ", "సీత లోపలికి వస్తుంది, మాట్లాడదు". ఎన్నాళ్ల తర్వాత వచ్చినా ఆ చీటీ దారి చూపిస్తుంది.

ఏడుపొస్తోంది. కుంచె చూస్తేనే విసుగు.

దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లలో దిగులు జబ్బు ఎక్కువ. అది మీ బలహీనత కాదు, వైద్యం ఉంది. రెండు వారాలుగా ఇష్టమైనదేదీ ఇష్టం అనిపించకపోయినా, నిద్ర, తిండి మారినా డాక్టరుకు చెప్పండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండొద్దు. టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

## ఇంట్లో, బయట

"బొమ్మలేయడానికి ఓపికుంటుంది గానీ వంటకు ఉండదా" అంటున్నారు.

చాలామంది కోడళ్లు, తల్లులు అడిగే ప్రశ్న ఇది. ఇంట్లోవాళ్లకు ఓపిక గురించి వాదన అర్థం కాదు, లెక్క అర్థమవుతుంది. బొమ్మ పది నిమిషాలు, కూర్చుని, నచ్చినప్పుడు ఆపగలిగే పని. వంట గంటన్నర, నిలబడి, మధ్యలో ఆపలేని పని. కుక్కరు ఎత్తడానికి మణికట్టు మీద పడే బరువు కుంచెకు లేదు. ఇదంతా ఒకసారి నిదానంగా విడమరచి చెప్పండి.

మీరు చేయగలిగిన ఇంటి పనులను కూడా పేర్లు పెట్టి చెప్పండి. "కూరలు కూర్చుని తరుగుతాను, గిన్నెలు దించడం మీది" అంటే తగువు తగ్గుతుంది. ఆ పది నిమిషాలకు మాత్రం ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

ఇంకొకరి సాయం తీసుకుంటే అది నా పనేనా?

మీదే. రెన్వార్ చివరి ఏళ్లలో శిల్పాలు చేయించినప్పుడు మట్టి మీద చేతులు శిల్పి రిషార్ గీనోవి, నిర్ణయాలు రెన్వార్‌వి. అయితే సాయం చేసినవాళ్ల పేరు చెప్పడం న్యాయం. తర్వాతి కాలంలో ఆ శిల్పాలకు గీనోను సహకర్తగా ఫ్రెంచి కోర్టు గుర్తించింది.

బ్లౌజుల ఆర్డర్లు తీసుకోవచ్చా? గడువు తప్పితే ఎలా?

తీసుకోవచ్చు, లెక్క మార్చుకుని. ఒక బ్లౌజు మగ్గం వర్క్‌కు మామూలుగా 12 గంటలు పడుతుందనుకుందాం. రోజుకు గంట చొప్పున 12 రోజులు. తిరగబెట్టే రోజులకు ఇంకో 12 కలిపి 24 రోజుల గడువు చెప్పండి. మాఘం, శ్రావణం పెళ్లిళ్ల సీజనులో ఒకసారికి ఒక్క ఆర్డరు. పెళ్లికూతురి బ్లౌజు లాంటి జరపలేని తేదీలు ఒప్పుకునే ముందు, మీరు పడుకుంటే పూర్తి చేసిపెట్టే మరో పనివాళ్లతో మాట్లాడి ఉంచుకోండి. కొనేవాళ్లకు జబ్బు వివరాలన్నీ చెప్పక్కర్లేదు, ఖరారైన తేదీ చెబితే చాలు.

సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ వస్తుందా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో దీర్ఘకాలిక నొప్పికి విడిగా పేరు లేదు. కీళ్లవాతం వల్ల కీళ్లు వంకర్లు పోయి కదలిక తగ్గితే శారీరక వైకల్యం కింద కొలుస్తారు. చాలా ప్రయోజనాలకు వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. శిబిరానికి వెళ్లేటప్పుడు ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు, పాత చీటీలు తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి. బొత్తాం పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, పెన్ను పట్టడం లాంటి చేయలేని పనులను నోటితో చెప్పి ఊరుకోకుండా అక్కడే చేసి చూపించండి.